వేడెక్కిన ఇంజను మొరాయించినప్పుడు

తెల్లవారుజామున ఒడ్డున ఉన్న ఫైబరు బోటు ఇంజను, తాడు ఒక్కసారి లాగగానే అందుకుంటుంది. అలలు దాటి గంటసేపు చక్కగా నడుస్తుంది. వల వేయడానికి ఇంజను ఆపుతారు. పది పదిహేను నిమిషాలు గడిచిన తరువాత మళ్ళీ తాడు లాగితే పలుకదు. పదిసార్లు లాగినా అంతే, ఇరవైసార్లు లాగినా అంతే. అరచేతులు బొబ్బలెక్కి, విసుగు పుట్టి, మనిషి కూలబడతాడు. అరగంట గడిచిన మీదట ఎవరో ఊరికే ఒకమారు లాగి చూస్తే, ఏమీ ఎరుగనట్లు ఆ ఇంజనే మళ్ళీ మోగుతుంది. బోటు వెనుక బిగించే ఇంజనుతో వేటకు పోయేవారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. విహారస్థలాలలో నీటిమీద పరుగులెత్తే వాటర్ స్కూటర్లకు కూడా ఈ జబ్బు ఉన్నది. అయితే అక్కడ లాగి తెచ్చేందుకు మరొక పడవ చేరువలోనే ఉంటుంది. వేటకు పోయినవారికి ఆ ధీమా లేదు. రోడ్డుమీద ఆగిన బండిని నలుగురు కలిసి తోయవచ్చు. సముద్రంమీద ఆగిన బోటును గాలీ, నీటి ఒరవడీ తమ ఇష్టం వచ్చిన దిక్కుకు తోసుకొనిపోతాయి.

ఈ జబ్బుకు ఒక విచిత్ర లక్షణం ఉన్నది. ఇది వేడిలోనే ఉంటుంది, చల్లబడితే మాయమవుతుంది. సాయంకాలం మాత్రమే జ్వరం వచ్చే రోగి ఉదయం వైద్యుని దగ్గరకు వెళితే, నాడి సరిగానే ఉన్నదని పంపివేసినట్లు, ఒడ్డున మెకానిక్కు ఇంజనును చూచేసరికి అది చల్లగా ఉండి మొదటి లాగుకే అందుకుంటుంది. అతడు 'ఏమీ లేదు' అని అయినా అంటాడు, లేక ఊహమీద ఏదో ఒక భాగం మారుస్తాడు. డబ్బు ఖర్చవుతుంది గాని జబ్బు పోదు. కావున ఈ విషయంలో మొట్టమొదట గ్రహించవలసినది ఇది: ఇంజను మొరాయిస్తున్న ఆ పది నిమిషాలలోనే సాక్ష్యం సేకరించాలి. ఆ పని చేయగలవారు బోటులో ఉన్నవారే.

ఇంజను ఆపిన తరువాత వెంటనే చల్లబడదు. మొదట మరింత వేడెక్కుతుంది. నడుస్తున్నంతసేపూ లోపలి పంపు సముద్రపు నీటిని తోడి సిలిండరు చుట్టూ తిప్పుతూ ఉంటుంది. ఇంజను ఆగితే పంపు కూడా ఆగుతుంది. అప్పుడు సిలిండరులోని వేడి మెల్లగా బయటికి పాకి కార్బురేటరుకు, పెట్రోలు గొట్టాలకు, కాయిళ్ళకు చేరుతుంది. పైన మూత బిగించి ఉండటంవల్ల గాలి కూడా ఆడదు. కాబట్టి నడుస్తున్నప్పుడు బాగున్న భాగం ఆగిన పది నిమిషాలకు తప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంజనుకు కావలసినవి నాలుగు: తగినంత ఇంధనం, దానితో కలిసే గాలి, వేళకు పుట్టే నిప్పురవ్వ, సిలిండరులో ఒత్తిడి. వేడి ఈ నాలుగింటిలో దేనిని హరిస్తున్నదో తెలుసుకోవడమే మన పని. పని మొదలుపెట్టే ముందు లంగరు వేయాలి. ఇంజనుమీద ధ్యాసపెట్టి కూర్చుంటే బోటు అలలు విరిగే చోటికి కొట్టుకొనిపోయిన సంగతి ఆలస్యంగా తెలియవస్తుంది. తరువాత గేరు తటస్థంగా ఉన్నదా, ఇంజనును ఆపే తాడు క్లిప్పు దాని స్థానంలో ఉన్నదా అని చూడాలి. వల లాగే హడావిడిలో ఆ క్లిప్పు ఊడిపోవడం అరుదు కాదు. అది లేనిదే నిప్పురవ్వ పుట్టదు.

ఇక పరీక్ష. ట్యాంకుకూ ఇంజనుకూ నడుమ గొట్టంలో చేతితో నొక్కే రబ్బరు బుడ్డి ఉంటుంది. దానిని నొక్కి చూడండి. రెండు మూడు నొక్కులకు గట్టిపడితే ఇంధనం అక్కడి వరకు వస్తున్నదన్న మాట. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి చొరబడుతున్నది, లేదా ట్యాంకులో ఇంధనం లేదు. బుడ్డి లోపలికి పీల్చుకొనిపోయి చప్పిడిగా అతుక్కొని ఉంటే, దోషం ట్యాంకు వైపున ఉన్నది. ఆ తరువాత ప్లగ్గు విప్పి చూడండి. అది పొడిగా ఉంటే ఇంధనం చేరలేదు. పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం చేరింది గాని అంటుకోలేదు. ఈ ఒక్క చూపుతో సగం సందేహాలు తీరిపోతాయి.

ట్యాంకు విషయం నేను ప్రత్యక్షంగా నేర్చుకొన్నది. కొన్ని సంవత్సరాల క్రితం ఒక కార్యక్రమానికి సముద్ర ధ్వనులను రికార్డు చేసుకొనే నిమిత్తం, విశాఖ తీరాన ఒక పల్లె నుంచి బోటుమీద వెళ్ళాను. గంట నడిచి ఇంజను ఆగింది. 'వేడెక్కింది సార్, చల్లారనివ్వాలి' అన్నాడు బోటు యజమాని. ఇరవై నిమిషాలు ఆగితే అందుకొన్నది. మరికొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. ఆ ఏడాది అతడు ప్లగ్గులు రెండుసార్లు, కాయిలు ఒకసారి మార్పించాడట. బోటు ముందుభాగాన కూర్చొని వల సర్దుకొంటున్న ఒక వృద్ధుడు లేచివచ్చి, ట్యాంకు మూతను కొంచెం తిప్పాడు. లోపలికి గాలి పీల్చుకొన్న చప్పుడు నా మైకుకు కూడా వినిపించింది. 'ఏడి కాదు బాబూ, దానికి ఊపిరాడ్నేదు' అన్నాడు ఆయన. రబ్బరు బుడ్డి నాలుగుసార్లు నొక్కి లాగితే ఇంజను అందుకొన్నది. ఆ తరువాత ఒడ్డు చేరేవరకు ఆగలేదు.

జరిగినది సులభంగా గ్రహించవచ్చు. ట్యాంకు మూతమీద గాలి పోయేందుకు ఒక చిన్న మర ఉంటుంది. ఇంధనం ఖర్చవుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మర బిగిసి ఉన్నా, ఉప్పుతో పూడుకొనిపోయినా గాలి రాదు. ట్యాంకులో శూన్యం ఏర్పడి, ఇంధనాన్ని పంపు పీల్చలేకపోతుంది. ఇంజను ఆగిన తరువాత సందులగుండా గాలి మెల్లగా చేరుతుంది కాబట్టి, అరగంటకు మళ్ళీ నడుస్తుంది. చూచేవారికి చల్లారినందువల్ల నడిచినట్లు తోస్తుంది. పాపం చేసినది గాలి మర. నింద పడినది వేడిమీద. కాయిలుకు డబ్బు పెట్టే ముందు ఈ మరను చూచుకోవడానికి పైసా ఖర్చు లేదు.

గాలి మర సరిగా ఉండి కూడా ప్లగ్గు పొడిగా ఉంటే, గొట్టాలలో పెట్రోలు ఆవిరయి ఉండవచ్చు. పెట్రోలులోని తేలిక భాగాలు నలభై డిగ్రీల లోపుననే మరగడం ఆరంభిస్తాయి. ఎండకు కాగిన ట్యాంకు, ఇంజను వేడి కలిస్తే గొట్టంలో ద్రవానికి బదులు ఆవిరి నిలుస్తుంది. అప్పుడు ఇంజను మూత తీసి గాలి ఆడనిచ్చి, బుడ్డి గట్టిపడేవరకు నొక్కాలి. ట్యాంకుకు ఎప్పుడూ నీడ ఉండాలి. దానిమీద తడి గోనె కప్పడం మంచిది. తొందరపడి కాగిన ఇంజనుమీద నీళ్ళు గుమ్మరించరాదు.

ప్లగ్గు తడిసి ఉంటే ముందు మన చేతినే అనుమానించాలి. ఉదయం చల్లని ఇంజనుకు చోక్ లాగడం అలవాటయినవారు వేడి ఇంజనుకు కూడా లాగుతారు. దానితో ఇంధనం ఎక్కువై ప్లగ్గు మునిగిపోతుంది. చోక్ తీసివేసి, ప్లగ్గు తుడిచి ఆరబెట్టి, యాక్సిలరేటరు బాగా తెరచి కొన్నిసార్లు లాగితే అదనపు ఇంధనం బయటికి పోతుంది. కిరోసిను ఇంజన్లలో మరొక పొరపాటు జరుగుతుంది. ఇవి పెట్రోలుతో మొదలై, వేడెక్కిన తరువాత కిరోసినుకు మారతాయి. కిరోసినుమీద నడుస్తూ ఉండగానే ఆపివేస్తే కార్బురేటరులో కిరోసినే మిగులుతుంది. పూర్తిగా వేడిగా ఉన్నంతవరకు అది అంటుకోవచ్చు. గోరువెచ్చగా మారిన తరువాత అంటుకోదు. అందుచేత ఆపడానికి కొంచెం ముందుగా పెట్రోలుకు మార్చి నడిపించి ఆపాలి. మరచిపోతే కార్బురేటరు అడుగున ఉన్న మర విప్పి, కిరోసినును ఒక డబ్బాలోకి వంపి, పెట్రోలు నింపుకోవాలి.

చోక్ పొరపాటు లేకుండా ప్లగ్గు తడిగా ఉంటే నిప్పురవ్వను శంకించాలి. కాయిలులో వెంట్రుకవంటి రాగితీగ వేలాది చుట్లుగా ఉంటుంది. రాగి విద్యుత్తుకు కలిగించే నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. ముప్పై డిగ్రీల నుంచి నూరు డిగ్రీలకు పోతే అది నాలుగోవంతుకు పైగా హెచ్చుతుంది. మంచి కాయిలు దీనిని భరిస్తుంది. లోపల సన్నని పగులు ఉన్న కాయిలులో మాత్రం వేడికి పగులు విచ్చుకొని తీగ తెగుతుంది. చల్లబడితే మళ్ళీ కలుస్తుంది. కొత్త ప్లగ్గు వేసి చూడటం సముద్రంమీద చేయదగిన పని. పెట్రోలు ఆవిరి ఉన్న చోట నిప్పురవ్వను పరీక్షించడం ప్రాణాపాయం కనుక ఆ పని ఒడ్డుకు వదలాలి. ఒడ్డున మెకానిక్కు ఇంజను కింది భాగాన్ని నీళ్ళ డ్రమ్ములో దించి, అరగంట నడిపి, పది నిమిషాలు ఆపి, కాయిలును మీటరుతో వేడిమీదనే కొలవాలి. ఈ విధంగా జబ్బును ఒడ్డుకు రప్పించవచ్చు.

చివరిది ఒత్తిడి. దీనికి మన చేయి సాక్షి. ఉదయం తాడు లాగినప్పుడు ఎంత బరువుగా తోచినదో గుర్తుంచుకోండి. వేడిలో అంతకంటె బాగా తేలికగా వస్తుంటే లోపలి ఒత్తిడి తగ్గినదన్న మాట. అరిగిన రింగులను చల్లని చిక్కటి నూనె కొంత కప్పిపుచ్చుతుంది. వేడికి నూనె పలుచనైతే వాయువు జారిపోతుంది. ఫోర్ స్ట్రోకు ఇంజన్లలో వాల్వు సందు తక్కువగా ఉంటే, వేడికి కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇందుకు విరుద్ధంగా తాడు బిగుసుకొని అసలు కదలకపోతే బలవంతం చేయరాదు. అది పిస్టను పట్టివేసిన గుర్తు కావచ్చు. ఇంజను వెనుక సన్నగా చిమ్మే నీటిధారను కనిపెట్టి ఉంటే ఆ అవస్థ రాదు. మన బోట్లు ఇసుకమీదనే దిగి ఇసుకమీదనే ఎక్కుతాయి. ఆ ఇసుక పంపులోని రబ్బరు రెక్కలను అరగదీస్తుంది. ధార సన్నగిల్లితే వెంటనే ఆపి చూడాలి. ఇంటికి వచ్చిన తరువాత మంచినీటితో ఇంజను లోపలి ఉప్పును కడగాలి.

ఇక మిగిలినది ఒక చిన్న అలవాటు. ఇంజను ఎంతసేపు నడిచి ఆగినది, ఎన్ని నిమిషాలకు మళ్ళీ అందుకొన్నది, బుడ్డి ఎలా ఉన్నది, ప్లగ్గు తడిగా ఉన్నదా పొడిగా ఉన్నదా, తాడు బరువు ఎంత అనే ఈ ఐదు సంగతులు ఒక కాగితంమీద వ్రాయించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధమున్న రోజులలో ఇంజను మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఆ కాగితం కూడా ఇవ్వండి. పది భాగాలు మార్చే ఖర్చు అది తప్పించగలదు. ఇన్ని చేసినా ఇంజను పలుకకపోతే, లంగరు విడువక, లైఫ్ జాకెట్టు తొడుక్కొని, ఫోను అందే దూరంలో ఉంటే కోస్ట్ గార్డు నంబరు 1554కు కబురు చేయండి. ఇంజను రేపు బాగుచేసుకోవచ్చు. ముందు మనిషి ఇల్లు చేరాలి.