అప్పు: ఇల్లు, అంగడి

“అప్పుచేసి పప్పుకూడు” అను సామెత ఎరుగని తెలుగువారు లేరు. ఇందులో దోషము పప్పుకూటిది కాదు. రేపటి కూటిలోనుండి తీసి నేడు భుజించుచున్నామని మరచుటయే దోషము. అప్పు క్రొత్త ధనము కాదు. రాబోవు ఆదాయమును ముందుగా వ్యయపరచుట మాత్రమే.

అప్పులన్నియు ఒక్కటి కావు. పాడిగేదెకో కుట్టుమిషనుకో చేసిన అప్పు తన వాయిదాను తానే కొంతవరకు సంపాదించుకొనును. పెండ్లి పందిరికి చేసిన అప్పు, పందిరి తీసివేసిన పిదపను జీతములోనుండియే తీరవలెను. వీనిలో మిక్కిలి ప్రమాదకరమైనది, ఒక అప్పు తీర్చుటకై చేయు మరియొక అప్పు.

ఇందుకు నిదర్శనము మన ప్రాంతముననే కలదు. 2010వ సంవత్సరమునకు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మఋణ సంస్థలు పల్లెపల్లెకు వ్యాపించెను. తాకట్టు అడుగక, స్త్రీలను జట్లుగా కూర్చి, వారము వారము వాయిదా వసూలు చేయుట వాని పద్ధతి. తాకట్టు లేనివారికి అప్పు పుట్టుట మేలే. కాని ఒకే ఇంటికి రెండు మూడు సంస్థలు అప్పులిచ్చెను. పొదుపు సంఘపు అప్పు, వడ్డీ వ్యాపారి అప్పు వానికి తోడయ్యెను. ఖర్చు ఇంటిల్లిపాదిది, పత్రముపై పేరు మాత్రము ఇల్లాలిది. వసూళ్ల ఒత్తిడికి తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరని వార్తలు వచ్చెను.

2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వారపు వసూళ్లను మాన్పించి, వడ్డీ అసలును మించరాదని శాసించెను. పిమ్మట రాష్ట్రమున వసూళ్లు దాదాపు స్తంభించెను. బ్యాంకులు ఆ సంస్థలకు ధనమిచ్చుటకు జంకెను. అందుచే ఇతర రాష్ట్రములలో సక్రమముగా చెల్లించుచున్నవారికి సైతము అప్పు కరవయ్యెను. అచ్చటి గ్రామములలో కూలిరేట్లు, కుటుంబ వ్యయములు తగ్గినవని పిదప ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధించి కనుగొనిరి. అప్పుతో సంబంధము లేని కూలివాడును నష్టపోయెనన్నమాట. ఏలయన, ఒకరి వ్యయమే వేరొకరి ఆదాయము. అప్పుతో పెరిగిన బేరము, అప్పు ఆగిననాడు అంతకంతయు పడిపోవును.

ఇక వడ్డీ లెక్క చూతము. 12,000 రూపాయలు ఏడాదికి 12 శాతము వడ్డీకి తెచ్చి, నెలకు 1,120 రూపాయల చొప్పున 12 వాయిదాలలో తీర్చితిమనుకొందము. ఇది రూపాయి వడ్డీయే కదా యని తోచును. కాని నెలనెల అసలు తరుగుచుండగా, వడ్డీ మాత్రము మొదటి 12,000 పైననే కట్టుచున్నాము. తరిగిన అసలుపై లెక్కించినచో అది ఏడాదికి 21 శాతము దాటును. అనగా నూటికి నెలకు రమారమి 1 రూపాయి 80 పైసలు. కావున శాతము నడుగుట చాలదు. వడ్డీ దేనిపై లెక్కించుదురో అడుగవలెను.

2022లో రిజర్వు బ్యాంకు ఒక హద్దు నిర్ణయించెను. సంవత్సరాదాయము 3 లక్షల రూపాయలు మించని కుటుంబమునకు తాకట్టులేని అప్పు ఇచ్చునపుడు, ఆ ఇంటి అన్ని అప్పుల వాయిదాలును కలిసి నెలసరి ఆదాయములో సగమును దాటరాదు. ఇది ఋణదాతలకు విధించిన హద్దు. సగమువరకు అప్పు చేయుమని గృహస్థునకు చెప్పిన సలహా కాదు. జ్వరమునకు, వానలేని ఏటికి, పిల్లల చదువునకు కొంత మిగులవలెను గదా!

నెల మొదటి దినమున భార్యాభర్తలిరువురును కూర్చుండి, ఎవరి పేరిట ఉన్న అప్పునైనను దాచక, వాయిదాలన్నియు ఒకే కాగితముపై వ్రాసికొనవలెను. పలు కుటుంబములను ముంచునది అప్పుకంటె ఒకరికొకరు దాచిన అప్పు. ఆ మొత్తమును రాబడి ప్రక్కన వేసి చూచిన పిమ్మటనే, క్రొత్త వస్తువు కొనవలెనా వలదా యని ఆలోచింపవచ్చును.