దారము చుట్టే వేళ



టాటింగు లేసు కొత్తగా నేర్చుకొనే వారిని కష్టమెక్కడున్నదని అడిగితే, ముడి వేయడములో ఉన్నదంటారు. నాలుగు నెలలు గడిచిన పిమ్మట అడగండి. నాడెకు దారము చుట్టడములో ఉన్నదంటారు. ముడి చేతికి అలవాటై పోతుంది. చుట్టే పని మాత్రము ఎన్నటికీ తరగదు. ఈనాటి నా ప్రసంగము ఆ పనిని గురించే.

టాటింగునకు కావలసిన సరంజామా స్వల్పము. పడవ ఆకారములో వ్రేలెడంత నాడె, ఒక దారపుండ చాలును. నాడె కొనలు ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. ప్రతి చుట్టునకూ దారము ఆ కొనల నడుమ టక్కుమని దూరి, లోపలి దిమ్మపైకి చేరవలెను. నాడె నిండే వరకు ఎన్ని టక్కులో ఒకసారి లెక్కించి చూడండి. తొందరపడి అంచులు దాటేటట్లు చుట్టితే కొనలు వదులవుతాయి, దారము మాసిపోతుంది.

ఈ శ్రమను తగ్గించే మార్గాలు లేకపోలేదు. మొదటిది, కండె విడిగా ఊడివచ్చే నాడె. మారేడ్‌పల్లి వంటి పేటలలో కుట్టుమిషను ఉన్న ఇండ్లు అనేకము. కొన్ని నాడెలలో ఆ మిషను కండెయే సరిపోతుంది. చేతిచక్రము నడుమనున్న మరను వదులు చేస్తే సూది కదలదు. కండె మాత్రమే తిరుగుతుంది. అయితే వేగముగా త్రొక్కరాదు. దారము బిగిసి, దాని పేట విడిపోతుంది. మెల్లగా చేతితో చక్రము త్రిప్పడమే మేలు.

మిషను లేనివారు కండె రంధ్రములో బిగుతుగా పట్టే పెన్సిలునో, అల్లిక పుల్లనో దూర్చి, దానిని వ్రేళ్ల మధ్య త్రిప్పవచ్చును. దారపుండ నేలపై దొర్లకుండ లోతైన గిన్నెలో ఉంచవలెను. దారము చిలపగా వచ్చినట్లయితే, ఎదురెదురుగా రెండు కుర్చీల వీపులకు దానిని తగిలించి, ముందుగా ఉండగా చుట్టుకోవలెను. చిక్కు విప్పడానికి పట్టే కాలముతో పోలిస్తే ఈ కాలము అత్యల్పము.

మరొక మాట. ఎంత దారము చుట్టవలెనో ముందే తెలిసికొనుట కూడ ఒక పనిముట్టే. నాడె నుండి ఒక గజము దారము వదలి అక్కడ గుర్తు పెట్టండి. ఒక ఉంగరము అల్లిన తరువాత ఎంత ఖర్చయినదో కొలవండి. ఉంగరము సగములో దారము అయిపోతే నడుమ అతుకు వేయడానికి వీలుండదు, అల్లినదంతా విప్పవలసినదే. ఈ చిన్న లెక్క ఒక సాయంకాలాన్ని కాపాడుతుంది.

ఇదంతా తీరికవేళ వినోదము కదా, దీనికి ఇంత లెక్క ఎందుకని మీరు అడగవచ్చును. తీరికగా చేసేవారికి ఇది చిన్న చికాకే. దారముతోనే కడుపు నింపుకొనే ఇండ్లలో సంగతి వేరు.

సికింద్రాబాదు నుండి కాజీపేట వెళ్లే రైలుమార్గములో ఆలేరు ఉన్నది. ఆ ప్రాంతపు శారాజీపేటలో చింతకింది మల్లేశం చేనేత కుటుంబములో పుట్టారు. పోచంపల్లి చిటికి చీరకు రంగుల కట్లు కట్టే ముందు ఆసు పోయవలెను. అనగా, అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకులకూ, నడిమి మేకునకూ మధ్య నూలును అటునిటు చుట్టవలెను. ఒక్క చీరకు చేయి వేలసార్లు కదలవలెను. నాలుగు గంటలకు పైగా పట్టేది. తల్లి లక్ష్మి గారి భుజము నొప్పి చూచి, బడి చదువు మధ్యలోనే మానిన ఆ కుమారుడు యేండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రము తయారు చేశారు. నాలుగు గంటల పని సుమారు గంటన్నరకు దిగినది. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. ఆ యంత్రము చీర నేయదు, రంగు వేయదు; దారము మాత్రమే చుట్టుతుంది. అయినను ఆ తల్లి భుజమునకు అంతకన్న కావలసినదేమున్నది?

గోదావరి తీరాన నరసాపురములో కొక్కెపు సూదితో లేసు అల్లే స్త్రీలు వేలకొలది ఉన్నారు. వారిని గురించి జర్మను పరిశోధకురాలు మరియా మీస్ రచించిన గ్రంథము 1982లో వెలువడినది. దినమంతా అల్లే ఆ స్త్రీలను శ్రామికులుగా గాక, తీరికవేళ పొద్దుపుచ్చే గృహిణులుగా లోకము చూస్తున్నదని ఆమె ఎత్తిచూపారు. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. లేసుకు పేరు వచ్చినది, సంతోషమే. అల్లిన చేతుల కాలమును కూడ లెక్కించవలసి ఉన్నది. అల్లికకు ముక్కల లెక్కన కూలి ఇచ్చినప్పుడు, ఉండ చుట్టిన గంట, చిక్కు విప్పిన గంట ఎవరి పద్దులోనూ పడవు.

కాబట్టి, ఈసారి నాడె నింపేటప్పుడు గడియారము చూచి, ఆ నిమిషాలను ఒక కాగితముపై వ్రాయండి. తగిన సాధనము అమర్చుకొని మరల చూడండి. సాధనము వాడుట సోమరితనమని ఎవరైనా అంటే ఆ కాగితము చూపండి. బజారులో లేసు బేరమాడేటప్పుడు కూడ, ఆ ముడుల వెనుక చుట్టిన దారమును ఒక్క క్షణము తలచుకొనండి. అప్పుడు బేరము కొంచెము మెత్తబడుతుంది.