పేరు పెట్టి పిలుచుట



నేడు నేను మాటలాడబోవునది మన దేశమున జరిగిన సంగతి కాదు. ఐరోపాఖండమున 1941 మొదలు 1945 వరకు హిట్లరు ప్రభుత్వము యూదులను సమూలముగ నిర్మూలింపబూని, సుమారు 60 లక్షల మందిని చంపెను. లోకము దీనిని హోలోకాస్టు అనుచున్నది. యూదులు తమ హీబ్రూ భాషలో షోవా, అనగా మహావినాశము, అందురు. చచ్చినవారిలో సుమారు 15 లక్షలమంది పిల్లలు.

ఇట్టి సంఖ్యలు విన్నప్పుడు మనస్సు మొద్దుబారునే కాని కరగదు. లక్ష యనగానే మనకు రూపాయలో, వడ్లగింజలో తోచును, మనుష్యుడు తోచడు. నేను ముప్పదియైదేండ్లు బడిలో హాజరుపట్టీ చదివినవాడను. ఒక్కొక్క పేరు పలికినప్పుడు ఒక్కొక్క ముఖము పైకి లేచును. "ఉన్నానండీ" యని ఒక గొంతు పలుకును. బడిపంతులుకు పిల్లలు ఎన్నడును గుంపుగా కనబడరు. కావున ఈ మహావిషాదమును నేను ఒక గురువును, ఆయన పిల్లలను తలచుకొనియే గ్రహింపగలుగుచున్నాను.

ఆయన పోలండు దేశమున వార్సా నగరమువాడు. తలిదండ్రులు పెట్టిన పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. గ్రంథకర్తగా తాను పెట్టుకొన్న పేరు యానుష్ కోర్చాక్. చదివినది వైద్యము, చేసినది అనాథశిశువుల పోషణము. వార్సాలో 1912లో యూదుల అనాథపిల్లల కొరకు వెలసిన గృహమునకు ఆయనయే పెద్ద. అచట తగవులు తీర్చుటకు పిల్లలే న్యాయాధిపతులుగా ఒక న్యాయసభ యుండెను. పెద్దలపై సైతము అచట ఫిర్యాదు చేయవచ్చును; ఆయనయు ఆ సభ యెదుట నిలిచినవాడే. బెత్తమే విద్యకు మూలమని నమ్మిన మా కాలపు పంతుళ్లకు ఇది యంత సులభముగ మింగుడుపడు మాట కాదు.

1934 మొదలు ఆయన పోలండు రేడియోలో ప్రసంగములు చేసెను. వానిని పెద్దలు, పిల్లలు మిక్కిలి ప్రీతితో వినుచుండిరి. కాని వక్త యూదుడని తెలిసిన కొందరు సహింపరని, పేరు చెప్పక "ముసలి డాక్టరు" అని మాత్రమే ప్రకటించుచుండిరి. నా పేరు ముందుగా చెప్పి నన్నిచట కూర్చుండబెట్టినారు. ఆయన మాట కావలెను, పేరు పనికిరాదు! అనర్థము అంతటి చిన్నపనితోనే ఆరంభమైనదని నాకు తోచును.

1939లో జర్మనీ సేనలు పోలండును ఆక్రమించినవి. 1940 నవంబరు నాటికి వార్సాలోని యూదులనందరిని ఒక పేటలో చేర్చి చుట్టును గోడ మూసిరి. అనాథగృహమును ఆ గోడలోపలికే పోవలసివచ్చెను. ఆకలిచేతను, విషజ్వరముచేతను జనులు వీథులలో రాలిపోవుచుండగా, ఆ ముసలివాడు సంచి భుజమున వేసికొని పిల్లలకొరకు ఇల్లిల్లు తిరిగి యాచించెను.

ఇచట మనకు సంబంధించిన మాట యొకటి కలదు. 1942 జూలై 18వ తేదీన ఆ పిల్లలు ఒక నాటకమాడిరి. అది మన రవీంద్రనాథ ఠాకూరుగారి "డాక్‌ఘర్." వైద్యుడు గడప దాటవద్దన్న రోగిపిల్లవాడు అమలుడు. కిటికీవద్ద కూర్చుండి, దారిని పోవు పెరుగువానిని, పూలపిల్లను పలుకరించుచు, రాజుగారి ఉత్తరమునకై ఎదురుచూచును; కడకు నిదురలో కన్నుమూయును. గోడలు దాటలేని పిల్లలు ఆ పిల్లవాని వేషము కట్టిరి. బంగాళదేశపు పల్లెలో పుట్టిన కథ వారికి వ్యాఖ్యానము లేకయే తెలిసియుండును.

నాలుగు దినములకే, జూలై 22న, జనులను రైళ్లకెక్కించుట మొదలైనది. ఆగష్టు మొదటివారమున అనాథగృహము వంతు వచ్చెను. ఆయనను తప్పింపవలెనని మిత్రులు పలుమార్లు యత్నించిరి, ఆయన ఒప్పుకొనలేదు. సుమారు 200 మంది పిల్లలతో, చిరకాలము తనతో పనిచేసిన స్తెఫానియా విల్చిన్‌స్కా అను ఉపాధ్యాయినితో, తక్కిన సిబ్బందితో రైలువద్దకు నడచిపోయెను. ఆ రైలు పోయినది ట్రెబ్లింకాకు. అచట ఎనిమిది లక్షలకు పైగా జనులను విషవాయువుతో చంపిరి. దిగినవారికి పట్టిక లేదు, పేరు వ్రాసికొనుట లేదు. ఔష్విట్సులో పనికి ఏరుకొన్నవారి ముంజేతులపై అంకెలు పొడిచిరి. తిన్నగ చావునకు పంపినవారికి ఆ అంకెయు దక్కలేదు. ట్రెబ్లింకాను 1943లో కూలద్రోసి, నేల దున్ని, రైతు ఇల్లొకటి కట్టించిరి. చంపుట చాలదు, చచ్చినారని చెప్పుటకును గుర్తు మిగులరాదు.

మనము పితరులకు నీళ్లు వదలునప్పుడు గోత్రము, పేరు చెప్పుదుము. తుదకు కొడుకులు, బంధువులు ఎవ్వరును లేని మృతులకును కొంత జలము విడుతుము. పేరు చెప్పువారు లేక పోయినవారుందురని మన పూర్వులెరుగుదురు.

యెరూషలేమున 1953లో యాద్ వషేమ్ అను సంస్థ స్థాపింపబడినది. ఆ మాటకు స్మారకము, నామము అని అర్థము. యెషయా ప్రవక్త గ్రంథమునుండి తీసికొన్నది. బ్రతికినవారు, బంధువులు ఒక్కొక్క మృతునికి ఒక్కొక్క పత్రము నింపి యిచ్చిరి: పేరు, తలిదండ్రులు, ఊరు, వృత్తి. 2025 నాటికి 50 లక్షల పేళ్లు కూడినవి. సుమారు డెబ్బదియేండ్ల శ్రమ యిది. మిగిలిన పదిలక్షలలో పిల్లలు మిక్కుటము. పసిబిడ్డ పేరు తల్లికి, ఇరుగుపొరుగువారికి తెలియును. అందరును ఒకేదినమున పోయినచో చెప్పువారెవరు? ఈ ఘోరము జరుగనేలేదని వాదించువారు నేటికిని కలరు. వారితో వాదమునకు దిగుటకంటె ఈ పేళ్లను వరుసగా చదువుట మేలని నా మతము.

ట్రెబ్లింకాలో ఇప్పుడు సుమారు 17,000 రాళ్లు నిలిపియున్నారు. కొన్నిటిపై ఊళ్ల పేళ్లున్నవి. మనుష్యుని పేరుగల రాయి ఒక్కటే. దానిపై కోర్చాక్ అను పేరును, తలిదండ్రులు పెట్టిన పేరును చెక్కి, వానితోపాటు "పిల్లలు" అని చెక్కిరి.