స్ఫటికం చెప్పే నీటి నిజం
(ప్లాటినం జూబిలీ సభలో ప్రసంగ పాఠం)



ముద్ఖేడ్ జంక్షన్‌లో ఒక రైలుమార్గం నిజామాబాద్ వైపుకూ, మరొకటి ఆదిలాబాద్ వైపుకూ చీలుతుంది. నాందేడ్ జిల్లా నల్లరాతి నేల కూడా తూర్పుకు పోనుపోను గ్రానైట్‌కు చోటిస్తుంది. రాతినిబట్టి బావినీటి గుణం మారుతుంది.

నల్లగొండ గ్రానైట్ నేలల్లో ఆ నీరు త్రాగి పిల్లల పళ్ళు గారపట్టాయి, పెద్దల నడుములు వంగిపోయాయి. నెల్లూరు ప్రాంతంలో ఈ వ్యాధిని 1937లోనే షార్ట్ ప్రభృతులు వర్ణించారు. కారణమైన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు అందదు.

1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రజ్ఞులు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో ఎలక్ట్రోడ్‌ను నిర్మించారు. కొద్దిగా యూరోపియం కలిపిన ఆ స్ఫటికంలో ఫ్లోరైడ్ అయాన్లే కదలగలవు. వాటి గాఢత పదిరెట్లు మారితే, 25 డిగ్రీల వద్ద సుమారు 59 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. పరికరం చిన్నదే, ఓపిక మాత్రం పెద్దది కావాలి. నీటిలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతాయి; తగిన బఫర్ కలిపి విడిపించకపోతే అంకె తక్కువగా వస్తుంది. ఆ తక్కువ అంకెను నమ్మి త్రాగేది పసిపిల్లలే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది దాటిన నీటికి నాగపూర్ నీరీ సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతి ఉంది: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటిక అల్యూమినియం లవణమే కనుక, శుద్ధిచేసిన నీటిని కొలిచేటప్పుడు బఫర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నడివేసవిలో ఒకసారి, వానల తరువాత మరొకసారి కొలిచి, బావి గుర్తు, తేదీ, నీటి ఉష్ణోగ్రత ఒకే పుస్తకంలో వ్రాసి ఉంచాలి.