వెనక కూర్చున్నోడు చూస్తుంటే

ప్రొద్దుటూరులో ట్యూషన్లు వదిలే వేళ ఒకే స్కూటీ మీద ముగ్గురు పిల్లలు కనబడతారు. నడిపేవాడికి పదిహేనేళ్లుంటే ఎక్కువ. హెల్మెట్ ఉంటే గింటే ఇంట్లో మేకుకు వేలాడుతుంటుంది. ఒక్కడే అయితే సందు మలుపులో నిమ్మళంగానే పోతాడు. వెనకోడు "తిప్పు అబ్బీ" అన్నాడా, చెయ్యి తిరిగిపోతుంది.

దీన్ని పొగరని కొట్టిపారేయలేం. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు కంప్యూటర్లో కారు నడిపే ఆట ఆడించి చూశారు. స్నేహితులు పక్కనుంటే 24 దాటినవాళ్ల తీరు మారలేదు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు మాత్రం బాగా తెగించారు. ఆ వయసులో మెప్పు కోసం ఉరికే గుణం ముందు వస్తుంది, నిలదొక్కుకునే నేర్పు ఇరవై దాటాక గానీ కుదరదు.

జమ్మలమడుగు దగ్గర గండికోటలో పెన్నా లోయ అంచున సెల్ఫీ అయినా, పులివెందుల పల్లెల్లో బావి గట్టెక్కి దూకే పందెమైనా అంతే. చూసేవాళ్లుండాలి. ఇప్పుడు ఫోనూ చూస్తోంది.

ఇక తాళాలిచ్చే పెద్దలకు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ప్రాణం మాటెత్తితే నవ్వేవాడికి ముందు ఈ లైసెన్సు సంగతి చెప్పండి.