పోతనాళ పట్టభద్రులకు: సౌరశక్తి పటమును చదువు విధము

 

తుంగభద్ర ఎడమకాలువ నీటిని నమ్ముకొని కృష్ణా గోదావరీ తీరములనుండి తరలివచ్చి, ఈ రాయచూరు సీమలో క్యాంపులు కట్టుకొని, నల్లరేగడిని వరిమళ్లుగా మార్చిన తెలుగు కుటుంబముల బిడ్డలును, వారితో కలసి పెరిగిన కన్నడ సోదరులును నేడు పట్టములందుకొనుచు ఈ సభలో కూర్చుండియున్నారు కనుక, వేదాంతము మాని, మీ చేతికి రేపే రాగల ఒక పటమును గూర్చి మాటలాడెదను. బొగ్గుతో నడచు శక్తినగరు విద్యుత్కేంద్రము ఈ జిల్లాలోనిదే. ఇప్పుడో ఓర్వకల్లు చెంత 1,000 మెగావాట్ల కర్నూలు సౌరోద్యానము, దక్షిణమున 2,050 మెగావాట్ల పావగడ సౌరోద్యానము వెలసినవి. ఇట్టి సౌరకేంద్రములను కట్టకమునుపే, జెనీవా విశ్వవిద్యాలయమున ఆంద్రే మెర్మూ రూపొందించిన పీవీసిస్ట్ వంటి సాఫ్ట్‌వేరు, ఏడాదిలోని 8,760 గంటలకును ఉత్పత్తిని లెక్కగట్టి, తుదకు శక్తివిభజన పటమును గీసియిచ్చును.

ఆ పటమున అడుగుగీత వెంట కిలోవాట్లు మెట్లుమెట్లుగా నుండును, ఒక్కొక్క మెట్టుపై ఒక స్తంభము నిలుచును. నిలువుగీత వెంటనున్నవి గంటలని పలువురు భ్రమపడుదురు. అవి యూనిట్లు, అనగా కిలోవాట్ గంటలు. 100 కిలోవాట్ల కేంద్రమున, 80 కిలోవాట్ల మెట్టుపైని స్తంభము 8,000 యూనిట్లు చూపినచో, భాగించి చూడుడు, యంత్రము ఆ స్థాయిలో నడచినది 100 గంటలే. 10 కిలోవాట్ల మెట్టుపై 3,000 యూనిట్లు చూపు పొట్టి స్తంభము వెనుకనో 300 గంటలున్నవి. ప్రాతఃకాలములును, సాయంసమయములును, ముసురుపట్టిన శ్రావణపు మధ్యాహ్నములును అందే ఇమిడియుండును.

ఇక కుడికొనను ఒక్కసారిగా లేచిన స్తంభమును చూచి మురియువారు, ముఖ్యముగా అమ్మజూపువారు, కలరు. ప్యానెళ్లు 130 కిలోవాట్లకు పరచి, ఇన్వర్టరును 100 కిలోవాట్లకు పరిమితము చేసినచో, అంతకు మించినదంతయు ఆ మెట్టుకడ నరకబడును. నరికిన భాగము ఈ పటమున కానరాదు, నష్టముల చిత్రమున వెదకవలెను. అది తప్పనను, ఇన్వర్టరు ఖర్చు తగ్గి, పొద్దు వాలినవేళ ఉత్పత్తి పెరుగుటచే, పెక్కుచోట్ల లాభసాటియే. కాని గంట సగటు 90 కిలోవాట్లే అయినను, మబ్బుల నడుమ ఎండ కాసిన నిమిషములలో నరకుడు జరిగియే యుండవచ్చును. అట్లే, మే నెల యెండకు గరిష్ఠోత్పత్తి వచ్చునని ఊహింపకుడు: ప్యానెలు 25 డిగ్రీలు దాటి వేడెక్కిన కొలది, డిగ్రీకి 0.3 నుండి 0.4 శాతము శక్తి తరుగును.

అన్నిటికన్న పెద్ద లోపమేమనగా, ఈ పటము కాలక్రమమును చెరిపివేయును. కాలువలో ఏడాదికెన్ని టీఎంసీలు పారెనను లెక్క, శివారు ఆయకట్టు రైతునకు మడి ఎండినవేళ తడి అందెనో లేదో చెప్పజాలదు గదా! సోలారు పంపు పెట్టదలచిన రైతునకు ఈ పటమును అట్టిదే.

కావున మీరు సంతకము పెట్టు ప్రతి నివేదికలోను, ఈ పటము ప్రక్కన నెలనెలకును గంటవారీ పట్టికను జతపరచి, నిలువుగీత చూపునది యూనిట్లనియు, గంటలు కావనియు, తెలుగునను కన్నడమునను స్పష్టముగా వ్రాసి, రైతు చేతికిండని మిమ్ము కోరుచున్నాను.