చేసిన పని ఎవరి లెక్కలోకి వెళుతుంది?

(మరిపెడలో మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం పేరు వినగానే ఇదేదో కంప్యూటరు చదివిన వాళ్ళ వ్యవహారమని మనలో చాలామందికి అనిపిస్తుంది. పనులు నమోదు చేసే యాప్‌ను డేటా వేర్‌హౌస్‌తో కలపడం, ఆ కలిపే పని మనిషి చెయ్యి పడకుండా దానంతట అదే జరిగేట్టు ఏర్పాటు చేసుకోవడం. సంస్థ ఏదైనా ఇటువంటి ఏర్పాటు పెట్టుకోబోతున్నప్పుడు సరేననే ముందు ఇదేమిటో, దీనివల్ల ఎవరి చేతికి ఏ అధికారం వస్తుందో, ఎవరి చేతినుంచి ఏది జారిపోతుందో తెలుసుకోవాలి. అందుకు మనం దూరం పోనవసరం లేదు. కరువు పనికి వెళ్ళిన ప్రతి స్త్రీ ఇటువంటి గొలుసుకు ఒక కొసన నిలబడి చూసిందే.

ముందు మాటలను విడదీసుకుందాం. కార్యకర్త ఫోనులో ఒక యాప్ ఉంటుంది. ఎవరి ఇంటికి వెళ్ళాలి, ఏ తేదీన కోర్టుకు తోడు పోవాలి, ఏది అయింది, ఏది మిగిలింది అన్నవి అందులో ఉంటాయి. ఇది రోజువారీ చిట్టా. అన్ని ఊళ్ళ చిట్టాలూ వచ్చి చేరే చోటు మరొకటి. దాన్ని సమాచారపు గోదాము అనుకోండి. అక్కడ వివరాలను వరసలుగా, గడులుగా పేరుస్తారు. నివేదికలు అక్కడినుంచే తీస్తారు. ఈ రెంటి మధ్యా మూడోది ఉంది. కార్యకర్త 'అయింది' అని నొక్కగానే ఆ వివరాన్ని తీసుకుపోయి గోదాములో ఒక గడిలో వేసే ఏర్పాటు. ఏది జరిగితే అది కదలాలి, ఏ వివరం ఏ గడికి వెళ్ళాలి, కుదరకపోతే ఏం చేయాలి అన్న నియమాలు ముందే రాసిపెడతారు. ఆ నియమాలు ఎవరు రాస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తొలినుంచీ దాన్ని కంప్యూటర్ల మీదే నడిపింది. పని దగ్గర మస్టరు కాగితం మీద ఉండేది. మండల ఆఫీసులో అది కంప్యూటరుకెక్కేది. అక్కడినుంచి వేతనాల ఉత్తర్వు బయటికి వచ్చేది. దీనితో పాటు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం సామాజిక తనిఖీ కూడా ఉండేది. కంప్యూటరులోని వివరాలను కాగితం మీదికి దింపి, ఇంటింటికీ తిరిగి కూలీలను అడిగి, ఊరి సభలో చదివి వినిపించేవారు. ఇందుకోసం 2009లో ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. అంటే పైకి వెళ్ళిన లెక్క తిరిగి పని చేసిన మనిషి ముందుకు వచ్చేది. తాను వెళ్ళని వారానికి తన పేర డబ్బు ఎవరు తీసుకున్నారని ఒక కూలీ స్త్రీ పదిమందిలో అడగగలిగిందంటే, లెక్కకు అటువంటి తిరుగుదారి ఉండబట్టే.

2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పనిచోట్లా దాన్ని తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు కూలీలను నిలబెట్టి ఫోటో తీసి ఎక్కించాలి. సిగ్నలు లేని చోట ఫోటో ఎక్కక, చేసిన పని హాజరులో పడలేదన్న ఫిర్యాదులు అనేక రాష్ట్రాలనుంచి వచ్చాయి. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నా చేశారు. దొంగ హాజరు ఆగుతుందన్నది ఈ యాప్‌కు చెప్పిన కారణం. అది ఆగిందా? 2025 జూలై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక ఉత్తర్వులో చెప్పింది: పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, ఉన్న ఫోటోకే మళ్ళీ ఫోటో తీసి పంపుతున్నారు, కాబట్టి పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ మనుషులే చూసి సరిపోల్చాలి. ఇంత దూరం వెళ్ళి చివరకు మనిషి కంటికే తిరిగి వచ్చారన్నమాట.

హాజరు తర్వాతి లంకె చెల్లింపు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయింది. జాబ్ కార్డులోని పేరు ఆధార్‌తో కుదరాలి, ఆధార్ బ్యాంకు ఖాతాతో ముడిపడాలి. ఇక్కడ పితృస్వామ్యం ఎలా దూరిందో గమనించండి. మగవాడి ఇంటిపేరు పుట్టినప్పటినుంచి చనిపోయేదాకా ఒకటే. స్త్రీకి పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. తండాలో బుజ్జి అని పిలిచే ఆమె ఒక కాగితంలో బుజ్జి, మరో కాగితంలో బుజ్జమ్మ అవుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటే, దానికి వచ్చే ఓటీపీ కూడా అక్కడికే పోతుంది. యంత్రానికి ఇవేవీ తెలియవు. రెండు గడులూ కుదరలేదనే అది చెబుతుంది.

2022-23లో దేశవ్యాప్తంగా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబ్ కార్డులనుంచి తీసేశారని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య ఒకటిన్నర కోటికి దగ్గర. తెలంగాణలో 2022-23లో తీసేసిన పేర్లు 17 లక్షలకు పైనే. వాళ్ళలో చనిపోయినవారు, వలస వెళ్ళినవారు ఉండవచ్చు. కానీ పేరు పోయిందని కూలీకి ముందుగా చెప్పి, ఆమె మాట విని తీసేసినవి ఎన్ని? ఇక గోదాములో ఆ ప్రశ్నకు గడే లేదు.

ఇప్పటిదాకా ఒక్క పథకం చిట్టా గురించి చెప్పాను. అనేక శాఖల చిట్టాలు ఒకే గోదాములో కలిస్తే ఏమవుతుందో కూడా తెలంగాణ చూసింది. సమగ్ర వేదిక పేరుతో వాహనం, ఆస్తి, కరెంటు బిల్లు వంటి వివరాలన్నిటినీ ఒక మనిషి పేర కలిపి చూసే ఏర్పాటు వచ్చింది. రాష్ట్రంలో 2014-2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వచ్చి విచారించకుండా కంప్యూటరు చెప్పినదాన్ని పట్టుకుని రద్దు చేశారని వేసిన కేసులో, తిరిగి క్షేత్ర పరిశీలన జరపాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి పరిశీలించిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డు ఇంటి పెద్ద స్త్రీ పేరనే ఉండాలి. రద్దయినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగవలసిందీ ఆమే.

ఇక మన సంస్థల సంగతికి వద్దాం. ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్నలు మనల్ని మనం కూడా వేసుకోవాలి. గృహహింస బాధితురాలికి తోడు నిలిచిన కార్యకర్త యాప్‌లో 'రాజీ కుదిరింది' అని నొక్కిందనుకోండి. గోదాములో ఉన్నది 'పరిష్కారమైంది' అనే గడి ఒక్కటే. ఆమె వేరే నీడ లేక ఆ ఇంటికే తిరిగి వెళ్ళింది. నివేదికలో అది మన విజయాల లెక్కలో చేరుతుంది. నెల తర్వాత దెబ్బలతో మళ్ళీ వస్తే? కొత్త వివరం పాతదాన్ని చెరిపేసే ఏర్పాటయితే మొదటిసారి వచ్చిన సంగతే మాయమవుతుంది. ప్రతి మార్పునూ కొత్త వరసగా చేర్చే ఏర్పాటయి, కేసుకు ఒకే నంబరు లేకపోతే ఒక్క స్త్రీయే ముగ్గురిగా లెక్కకొస్తుంది. అందుకే కేసుకు ఒక నంబరు, జరిగిన ప్రతి మార్పూ తేదీతో సహా నిలిచే పద్ధతి, రెండూ ఉండాలి.

ఇంకొకటి. ఈ ఏర్పాటు చప్పుడు లేకుండా ఆగిపోగలదు. యాప్‌లో ఒక గడి పేరు మార్చినా, పాస్‌వర్డు గడువు తీరినా వివరాలు పైకి పోవడం ఆగవచ్చు. పై ఆఫీసులో మాత్రం ఆ మండలంలో కేసులే లేవన్నట్టు సున్నా కనబడుతుంది. కాబట్టి యాప్‌లో ఎన్ని నమోదయ్యాయి, గోదాముకు ఎన్ని చేరాయి అన్నది వారానికొకసారైనా ఒక మనిషి పక్కపక్కన పెట్టి చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది గోప్యత. పేరు, ఫోను నంబరు గోదాముకు పోనక్కర్లేదు. పేరు తీసేస్తే చాలదు కూడా. ముప్పై ఇళ్ళ తండాలో ఊరు, వయసు, పిల్లల సంఖ్య చెబితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారం నేరం. మన చేతులతో తయారైన పట్టిక ఆ నేరానికి దారి కాకూడదు.

ఉపాధి హామీ చట్టం స్థానంలో మరో చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. చట్టం పేరు మారినా మనం అడగవలసినవి మారవు. నా గురించి ఏం రాశారో నా భాషలో నాకు వినిపించాలి. తప్పయితే దిద్దే మనిషి మండలంలోనే ఉండాలి, ఆ మనిషికి దిద్దే అధికారం ఉండాలి. నాకు చెప్పకుండా నా పేరు తీయకూడదు. యంత్రం కాదన్నంత మాత్రాన చేసిన పనికి కూలి ఆగకూడదు.

యంత్రం వద్దని నేను అనడం లేదు. వంద రిజిస్టర్లు రాత్రిళ్ళు కూర్చుని తిరగరాసేదీ ఆడవాళ్ళే. ఆ చాకిరీ తప్పితే మంచిదే. అయితే కిందినుంచి పైకి లెక్క పోయే దారి ఎంత సులువుగా ఉందో, పైనుంచి కిందికి జవాబు వచ్చే దారీ అంత సులువుగా ఉండాలి. మీ సంస్థల్లో ఇటువంటి ఏర్పాటు పెట్టబోయే ముందు, యాప్‌లో నొక్కే కార్యకర్తలనూ, ఎవరి వివరాలు అందులోకి వెళతాయో ఆ స్త్రీలనూ కూర్చోబెట్టి ఈ విషయాలు చర్చించాలని కోరుతూ ముగిస్తున్నాను.